తిరుపతిలో ఇల్లు, లండన్‌లో పింఛను: అక్కడి ఆఫీసు ఇక్కడి ఆస్తిని ఎలా లెక్కేస్తుంది

పింఛనుకు, ఆస్తికి ఉన్న లంకె గురించి తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు రావాలంటే మాగాణి 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు దాటకూడదు. ఇంట్లో కారు ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదు. తోటలో కాపు వచ్చిందా, బోరులో నీళ్లున్నాయా అని ఎవరూ అడగరు. పాసుబుక్కులో ఎంత ఉందన్నదే లెక్క.

అదే ఊరి నుంచి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లి లండన్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి పౌరసత్వమో, శాశ్వత నివాసమో వచ్చి, వయసు మీదపడ్డాక ఆదాయం లేని వృద్ధులకు ఆ ప్రభుత్వం ఇచ్చే సాయానికి దరఖాస్తు పెడతారు. ఫారంలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: మీకు ఏ దేశంలోనైనా ఇల్లు, భూమి, బ్యాంకు డబ్బు ఉన్నాయా? చాలాసార్లు ఫారం నింపేది పిల్లలు, సంతకం పెట్టేది పెద్దవాళ్లు. తిరుచానూరు రోడ్డులోని ఇల్లు, పుత్తూరు దగ్గర మామిడి తోటలో వాటా గుర్తుకొచ్చినా “అవి ఇండియావి కదా” అని “లేదు” దగ్గర టిక్కు పడిపోతుంది. కొందరు దీనికి పూర్తిగా ఉల్టా. “మనకు ఇల్లుంది, మనకేం రాదులే” అని అసలు అప్లికేషనే పెట్టరు. రెండింటిలోనూ నష్టపోయేది ఆ పెద్దవాళ్లే. మొదటిదానికి శిక్ష పడవచ్చు. రెండోదాంట్లో న్యాయంగా రావాల్సిన డబ్బు ఏళ్ల తరబడి వదులుకున్నట్టే.

ముందు ఒక తేడా గమనించాలి. ఉద్యోగం చేస్తూ కట్టిన చందా మీద వచ్చే పింఛనుకు ఆస్తితో పని లేదు. బ్రిటన్ స్టేట్ పెన్షన్, అమెరికా సోషల్ సెక్యూరిటీ రిటైర్‌మెంట్ పింఛను ఈ కోవలోవే. తిరుపతిలో పది ఇళ్లున్నా అవి తగ్గవు. (బ్రిటన్ పెన్షన్ తీసుకుంటూ తిరుపతికి తిరిగొచ్చి ఉండిపోతే మాత్రం ఏటా పెరగాల్సిన మొత్తం పెరగకుండా ఆగిపోతుంది. దానికి కారణం ఆస్తి కాదు, బ్రిటన్ పెంపు వర్తింపజేసే దేశాల్లో ఇండియా లేకపోవడం.) ఆస్తి అడ్డొచ్చేది ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చే సాయాలకే. బ్రిటన్‌లో పెన్షన్ క్రెడిట్, అమెరికాలో ఎస్‌ఎస్‌ఐ (సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్), ఆస్ట్రేలియాలో ఏజ్ పెన్షన్ అలాంటివి. ఇక్కడ టీచరుగానో, రెవెన్యూలోనో పనిచేసి రిటైరైనవాళ్లకు ట్రెజరీ నుంచి వచ్చే పింఛను కూడా అక్కడ ఆదాయంగా లెక్కలోకి వస్తుంది. అది ఇండియాలోని ఖాతాలోనే పడుతున్నా సరే.

ఆస్తిని అందరూ ఒకే తీరుగా లెక్కెయ్యరు. ఇక్కడే మనవాళ్లు తికమక పడతారు. అమెరికాలో ఉన్న చుట్టం చెప్పిన మాట పట్టుకుని లండన్‌లో ఉన్నాయన భయపడతాడు.

అన్నింటికంటే కఠినమైనది అమెరికాదే. ఎస్‌ఎస్‌ఐ తీసుకునే ఒంటరి వ్యక్తి దగ్గర లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు, భార్యాభర్తలిద్దరికీ కలిపి 3,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచి ఈ అంకె మారలేదు. ఒంటరి వ్యక్తి హద్దు మన డబ్బుల్లో రెండు లక్షల లోపు. ఆ డబ్బుకు తిరుపతి ఊళ్లో సెంటు స్థలం కూడా రాదు. సొంతంగా నివసించే ఇంటిని లెక్క నుంచి తీసేస్తారు కానీ, అది ఆ మనిషి అసలు నివాసమై ఉండాలి. కొడుకుతో డల్లాస్‌లో ఉంటున్నవాళ్లకు తిరుపతి ఇల్లు ఆ కిందికి రాదు. మినహాయింపులు లేకపోలేదు. ఉమ్మడి ఇంట్లో ఇంకో వాటాదారు కాపురముంటూ, ఇల్లు అమ్మితే వాళ్లకు తలదాచుకునే చోటు లేని పరిస్థితి ఉంటే ఆ వాటాను లెక్కలోకి తీసుకోరు. అమ్మకానికి పెట్టి, నిజంగా ప్రయత్నిస్తున్నా కొనేవాళ్లు దొరకకపోతే దానికీ ఒక వెసులుబాటు ఉంది. షరతుల మీద సాయం ఇచ్చి, ఇల్లు అమ్ముడయ్యాక ఆ మొత్తాన్ని తిరిగి తీసుకుంటారు. అయితే వీటన్నిటికీ కాగితం కావాలి. నోటిమాట చెల్లదు.

ఇంకో చిక్కు. 30 రోజులు వరసగా అమెరికా బయట ఉంటే ఎస్‌ఎస్‌ఐ ఆగిపోతుంది. వెనక్కి వెళ్లి మళ్లీ 30 రోజులు అక్కడ ఉన్నాకే మొదలవుతుంది. ఇల్లు అమ్మడానికి తిరుపతి వచ్చినవాళ్లకు బేరం, అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ నెలలో తేలే పనులు కావు. అందుకే అక్కడి కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, ఇక్కడ నమ్మకమైనవాళ్లకు పంపడం మేలు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. ఈ గడువు మర్చిపోయి ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

బ్రిటన్ లెక్క వేరు. పెన్షన్ క్రెడిట్‌కు ఆస్తి మీద పై హద్దంటూ లేదు. మొదటి 10,000 పౌండ్లను వదిలేస్తారు. ఆపైన ప్రతి 500 పౌండ్లకు వారానికి 1 పౌండు ఆదాయం వస్తున్నట్టు ఊహించుకుంటారు. ఆ ఊహించిన ఆదాయాన్నే సాయంలోంచి తగ్గిస్తారు. విదేశంలో ఉన్న ఇంటికి అక్కడి మార్కెట్ ధర కట్టి, అమ్మకం ఖర్చుల కింద 10 శాతం, దాని మీద అప్పుంటే అప్పు తీసేస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒంటరిగా ఉన్న పెద్దాయన పేరు మీద తిరుపతిలో 66 లక్షల ఇల్లుందనుకోండి. పౌండుకు 110 రూపాయలు వేసుకుంటే 60,000 పౌండ్లు. పది శాతం పోతే 54,000. అందులో 10,000 వదిలేస్తే 44,000. ఐదొందలకు ఒకటి చొప్పున వారానికి 88 పౌండ్లు. 2025-26లో ఒంటరి వ్యక్తికి గ్యారంటీ క్రెడిట్ (పెన్షన్ క్రెడిట్‌లో ప్రధాన భాగం) వారానికి 227.10 పౌండ్లు. ఆయనకు వేరే ఆదాయం ఏమీ లేకపోతే 88 తీసేసినా వారానికి 139.10 పౌండ్లు వస్తాయి. పైగా గ్యారంటీ క్రెడిట్ వస్తుంటే, ఇంటి అద్దెకిచ్చే హౌసింగ్ బెనిఫిట్‌కు ఉన్న 16,000 పౌండ్ల హద్దు అడ్డురాదు. “ఇల్లుంది, ఏమీ రాదు” అని అప్లికేషన్ పెట్టని మనిషి ఏడాదికి ఏడు వేల పౌండ్లకు పైగా వదులుకుంటున్నాడు. వయసైపోయి, ఖర్చుకు కొడుకు చేతివైపు చూస్తూ గడిపే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ఆ ఇంట్లో ఆయన అక్కో తమ్ముడో కాపురముంటూ, వాళ్లకు పింఛను వయసు దాటి ఉన్నా, పనిచేయలేని అనారోగ్యం ఉన్నా ఆ ఇంటిని లెక్కలోంచి పూర్తిగా తీసేస్తారు. మన ఊళ్లలో ఇది మామూలు పరిస్థితే. భర్త పోయిన అక్క పుట్టింట్లో ఉంటుంది, ఇల్లు తమ్ముడి పేరు మీద ఉంటుంది. ఆ సంగతి ఫారంలో రాయకపోవడం వల్ల పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

బ్రిటన్ నిబంధనల్లో ఇంకో మెలిక ఉంది. ఆస్తి ఉన్న దేశం నుంచి డబ్బు బయటికి పంపడం నిషేధమైతే, బ్రిటన్‌లో ఉండే కొనుగోలుదారు దానికెంత ఇస్తాడో చూసి ఆ ధర కడతారు. అది సహజంగా చాలా తక్కువ. ఇండియా నుంచి డబ్బు తెచ్చుకోవడం కష్టమని ఈ దారి చూపించే సలహాదారులు ఉంటారు. అది నిలబడదు. ఎన్నారై అయినా, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వ్యక్తి) అయినా ఇక్కడి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చే ఆదాయం పడే బ్యాంకు ఖాతా) నుంచి, పన్ను కట్టి, ఆడిటరు సర్టిఫికెట్‌తో ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు. వ్యవసాయ భూమి విషయంలో కూడా అంతే. ఓసీఐలు దాన్ని కొనలేరు కానీ, వారసత్వంగా వచ్చినదాన్ని ఇండియాలో ఉండే భారతీయ పౌరుడికి అమ్ముకోవచ్చు. కాబట్టి “అమ్మలేం, తెచ్చుకోలేం” అన్నది ఎక్కువ కేసుల్లో అబద్ధమే అవుతుంది.

అయితే నిజంగానే అమ్మలేని భూములు మన ప్రాంతంలో కొల్లలు. వాటి గురించే కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పరాయి దేశపు అధికారికి వీటి సంగతి తెలిసే అవకాశమే లేదు. పల్లెల్లో ముప్పై నలభై ఏళ్ల కింద ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా (అసైన్డ్) భూములున్నాయి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలకు 2023లో సడలింపు తెచ్చినా, చాలా సర్వే నంబర్లు ఇంకా చిక్కుల్లోనే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉన్న నంబర్లకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషనే చేయరు. తిరుపతిలో హథీరాంజీ మఠం భూముల మీద కట్టుకున్న ఇళ్ల గొడవ ఊరందరికీ తెలిసిందే. యాభై ఏళ్లుగా కాపురమున్నా అమ్మడానికి పత్రాలుండవు. ఇలాంటి ఆస్తికి కాగితం మీద యాభై లక్షలు కట్టడం ఎంత అన్యాయమో, దాన్ని దాచడమూ అంత తప్పు. ఆస్తి చూపించాలి. దాంతోపాటు అది 22ఏ జాబితాలో ఉందనే ప్రింటు, పట్టా నకలు, వీలైతే ఒక లాయరు ఇచ్చిన అభిప్రాయం ఇంగ్లీషులో జతచేయాలి. అమ్మే హక్కు చట్టం ప్రకారమే లేనప్పుడు ఆస్తికి ఉన్న విలువ పడిపోతుంది. అమెరికా నిబంధనల్లోనూ, మనిషి తన సొంత ఖర్చుకు డబ్బుగా మార్చుకునే హక్కు ఉంటేనే దాన్ని వనరు అంటారు.

ఉమ్మడి వాటా కూడా అలాంటిదే. తాత పేరు మీదున్న మూడెకరాల్లో ఐదుగురికి వాటా ఉంటే, మొత్తం విలువను ఐదుతో భాగించి రాసేస్తారు. భాగాలు పంచుకోని భూమిలో ఒక్కడి వాటాను బయటివాడెవడు కొంటాడు? కొన్నా, ఐదో వంతు ధర ఇస్తాడా? బ్రిటన్‌లో లెక్కలోకి రావాల్సింది ఆ వాటాకు బయట పలికే ధరే. దానికి ఇక్కడి వాల్యుయర్ చేత రాయించుకుంటే లెక్క సగానికి సగం మారవచ్చు.

ధర కట్టించడంలో ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్‌లో ఉండేది స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టుకున్న రేటు. బయట పలికే ధర చాలాచోట్ల దానికంటే బాగా ఎక్కువ. విదేశీ ఆఫీసుకు కావాల్సింది బయటి ధర. తక్కువ రేటున్న కాగితం ఇచ్చి, ఏడాది తర్వాత రెండింతలకు అమ్మితే ముందు చెప్పింది అబద్ధమనే అనుమానం వస్తుంది. కొలతల్లోనూ జాగ్రత్త పడాలి. తిరుపతిలో స్థలాలకు అంకణాల్లో బేరమాడతారు. ఇక్కడ అంకణమంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు అదే అంకణం 72. పాత దస్తావేజులో “60 అంకణములు” అని ఉంటే, అనువాదకుడు ఇంటర్నెట్‌లో దొరికిన నెల్లూరు కొలత పట్టుకుంటే 2,160 చదరపు అడుగుల స్థలం 4,320 అయిపోతుంది. విలువా రెట్టింపే. దస్తావేజును ఇంగ్లీషులోకి మార్పించేటప్పుడు చదరపు అడుగుల లెక్క పక్కనే రాయించుకోవాలి.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు నిజానికి ఊరికే టెన్షన్ పడుతుంటారు. సొంత ఇల్లు లేక పిల్లల ఇంట్లో ఉండే ఒంటరి వ్యక్తికి 2025-26 లెక్కలో 5,79,500 డాలర్ల ఆస్తి దాకా ఏజ్ పెన్షన్ ఏమీ తగ్గదు. మన లెక్కలో మూడు కోట్ల పైచిలుకు. తిరుపతిలో సాధారణ ఇల్లు ఈ హద్దు దరిదాపులకు కూడా రాదు. అది దాటితేనే ప్రతి వెయ్యికి రెండు వారాలకు 3 డాలర్లు కోస్తారు. కానీ తిరుపతి ఇంటికి అద్దె వస్తుంటే అది ఆదాయం. 2025-26 లెక్కలో ఒంటరి వ్యక్తికి రెండు వారాలకు 218 డాలర్ల మీద వచ్చే ప్రతి డాలరుకు పెన్షన్‌లో 50 సెంట్లు తగ్గుతాయి. పదేళ్ల నివాసం లాంటి ఇతర షరతులు ఎలాగూ ఉంటాయి.

కెనడా అసలు ఆస్తి వైపే చూడదు. అక్కడి గ్యారంటీడ్ ఇన్‌కమ్ సప్లిమెంట్‌కు ఆదాయం ఒక్కటే కొలమానం. తాళం వేసున్న తిరుపతి ఇల్లు దాన్ని తాకదు. అద్దెకిస్తే తాకుతుంది, అమ్మితే లాభం వచ్చిన ఏడాదికి తాకుతుంది. మామిడి తోట కౌలు డబ్బు ఇండియాలో పన్ను లేనిదే అయినా కెనడాలో ఆదాయమే.

“అక్కడివాళ్లకు ఇక్కడి ఆస్తి ఎట్లా తెలుస్తుంది?” అని అడిగేవాళ్లకు జవాబు: భూమి తెలియకపోవచ్చు, డబ్బు తెలుస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాలకు ఇండియాకు మధ్య బ్యాంకు ఖాతాల సమాచారం ఏటా దానంతటదే వెళుతుంది. అమెరికాకు ఫాట్కా అనే అమెరికా చట్టం కింద వెళుతుంది. అద్దె పడే ఎన్‌ఆర్‌ఓ ఖాతా, ఇల్లు అమ్మిన డబ్బు వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ ఆ జాబితాలో ఉంటాయి. అప్పుడు పాత ఫారాలు బయటికి తీస్తారు. అన్నేళ్లు ఇచ్చిన డబ్బు వెనక్కి కట్టమంటారు, అబద్ధం చెప్పారని తేలితే కేసు పెడతారు. ఆ కేసు మొదట పడేది ఫారం నింపిన కొడుకు మీద కాదు, సంతకం పెట్టిన డెబ్భై ఐదేళ్ల తల్లి మీద. తల్లిదండ్రుల కోసం ఫారం నింపే పిల్లలు ఆలోచించాల్సింది ఇదే.

పిల్లలే తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటుంది. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు పదిహేనేళ్ల కింద కరకంబాడి రోడ్డులో నాన్న పేరు మీద ప్లాటు కొని ఉంటాడు. డబ్బు తనదే, పేరు మాత్రం నాన్నది. అదే నాన్న పౌరసత్వం వచ్చాక ఎస్‌ఎస్‌ఐకి వెళితే ఆ ప్లాటు ఆయనదే. “నిజానికి నాది” అని కొడుకు చెప్పుకోవాలంటే బ్యాంకు నుంచి డబ్బు వెళ్లిన ఆధారాలు ఉండాలి. ఇండియాలో బినామీ చట్టం అలాంటి వాదనకు ఇప్పుడు పెద్దగా చోటివ్వదు కూడా.

అప్లికేషన్‌కు ముందు పిల్లల పేరు మీద గిఫ్టు రాసేస్తే సరిపోతుందనేది అందరికీ తట్టే ఉపాయం. ఇది అన్ని దేశాలూ ముందే ఊహించిన ఉపాయం. అమెరికాలో దరఖాస్తుకు ముందు 36 నెలల్లో తక్కువ ధరకు ఇచ్చేసిన ఆస్తికి 36 నెలల దాకా ఎస్‌ఎస్‌ఐ రాకుండా చేయవచ్చు. ఆస్ట్రేలియాలో ఏడాదికి 10,000 డాలర్లు, ఐదేళ్లలో 30,000 దాటిన బహుమతిని ఐదేళ్ల పాటు మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు. బ్రిటన్‌లో కాలపరిమితే లేదు. సాయం పొందడం కోసం ఇచ్చేశారని తేలితే చాలు, ఆ ఆస్తి ఇంకా ఉన్నట్టే.

ఈ నిబంధన మనవాళ్లను దెబ్బతీసేది గిఫ్టు దస్తావేజుల్లో కంటే మన ఇళ్లలో ఆచారంగా సాగే ఇంకో సంతకంలో. తండ్రి పోయాక ఆడపిల్లలు వాటా వదులుకుని అన్నదమ్ములకు రిలీజ్ డీడ్ రాసిచ్చేయడం చిత్తూరు ప్రాంతంలో ఇప్పటికీ మర్యాదగానే చెల్లుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, దేశమంతటా 2005 సవరణతో కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. “పసుపు కుంకుమ కింద ఏదో ఇస్తాం, సంతకం పెట్టమ్మా” అని అన్న ఫోన్ చేస్తే, లండన్‌లో పెన్షన్ క్రెడిట్ మీద బతికే చెల్లెలు మారు మాట్లాడకుండా పవర్ రాసి పంపుతుంది. ఆమె దృష్టిలో అది పుట్టింటి బంధం. అక్కడి ఆఫీసు దృష్టిలో ఇరవై లక్షల ఆస్తిని ఉచితంగా వదులుకోవడం. ఆమె ఎందుకు వదులుకుందో ఆఫీసుకు వివరించాల్సి వస్తుంది. ఇంకా ముందున్న సంగతి, తండ్రి పోయి వాటా సంక్రమించిన రోజే ఆ మార్పు ఆఫీసుకు తెలపాల్సింది. చాలామందికి తమకు వాటా వచ్చిందనే తెలియదు.

అలాంటి పరిస్థితిలో రిలీజ్ డీడ్‌కు బదులు వాటాకు తగిన డబ్బు తీసుకుని, ఆ మొత్తం దస్తావేజులో రాయించుకుని, బ్యాంకు ద్వారా అందుకోవడం రక్షణ. లేదా వాటా ఉంచుకుని, ఆ ఇంట్లో ఉన్న వయసు మళ్లిన తల్లి గురించి ఆఫీసుకు చెప్పి మినహాయింపు అడగడం. అన్నకు ఇవ్వాలనే మనసుంటే అది వీలునామాలో రాసుకోవచ్చు. వీలునామా ఎప్పుడు రాసినా ఆస్తిని ఇప్పుడు వదులుకున్నట్టు కాదు. సంతకం చేసి పంపే ముందు అక్కడ తాముండే ఊళ్లోని ఉచిత సలహా కేంద్రానికి దస్తావేజు నకలు చూపించడానికి ఒక్కరోజు పడుతుంది. అన్నకు ఫోన్ చేసి ఆ ఒక్కరోజు ఆగమనాలి.